సంచి మార్చే చెయ్యి

ఇంట్లో పెద్దవాళ్లకు డిమెన్షియా ముదురుతూ ఉండగా, అంతకు ముందో ఆ తర్వాతో పేగు ఆపరేషన్ జరిగి పొట్టమీద సంచి కూడా పడిందంటే, ఆ కుటుంబంలో మొదలయ్యే చర్చ దాదాపు ఎప్పుడూ ఒకే దారిలో నడుస్తుంది. ఇంట్లోనే పెట్టుకుందామా, ఎక్కడైనా చేరుద్దామా? పెద్దవాడి దగ్గరా, ఆడపిల్ల దగ్గరా? ఊళ్లోనా, హైదరాబాద్‌లోనా? అమెరికాలో ఉన్నవాళ్లు డబ్బు పంపితే ఇక్కడున్నవాళ్లు చూసుకుంటారా? ఈ ప్రశ్నలన్నీ చోటు గురించినవి. చోటు ఖాయమైతే మిగతాది సర్దుకుంటుందన్న నమ్మకం వీటి వెనక ఉంది. జబ్బుల స్వభావాన్నీ, ఇతర దేశాల ఏర్పాట్లనూ, మన చట్టాల స్థితినీ కలిపి చూస్తే ఆ నమ్మకం నిలవదు. సంచిని రోజూ ఖాళీ చేసే, మూడు నాలుగు రోజులకోసారి మార్చే చెయ్యి ఎవరిది, ఆ చెయ్యి సెలవు పెట్టిన రోజున రెండో చెయ్యి ఎవరిది అన్నది ముందు తేలాలి. అది తేలితే చోటు గురించిన తగాదా చాలావరకు తీరిపోతుంది. తేలకపోతే ఎంత ఖరీదైన చోటైనా కొద్ది రోజుల్లోనే బెడిసికొడుతుంది.

డిమెన్షియా, పొట్టమీద సంచి రెండూ వయసుతో ముడిపడినవే కాబట్టి ఒకే మనిషిలో కలుసుకోవడం వింత కాదు. లాసీ-డాడ్ అనే దేశవ్యాప్త అధ్యయనం ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో, పట్టణాలకన్నా పల్లెల్లో ఎక్కువ. సంచి తగిలించే ద్వారం (స్టోమా) పెట్టాల్సి వచ్చే కారణాలు, అంటే పురీషనాళం క్యాన్సర్, పెద్దపేగు మెలిపడటం, అడ్డుపడటం, చిల్లుపడటం, మూత్రాశయ క్యాన్సర్ వంటివి కూడా ఎక్కువగా ఆ వయసులోనే వస్తాయి. వైద్యం మాత్రం రెండు వేర్వేరు గదుల్లో జరుగుతుంది. న్యూరాలజిస్టు జ్ఞాపకశక్తి పరీక్షించి మాత్రలు రాస్తారు. పొట్టమీద సంచి ఉందన్న సంగతి ఆ చీటీలో కనిపించదు. సర్జన్ ఆపరేషన్ చక్కగా చేస్తారు. డిశ్చార్జి రోజున సంచి మార్చే పద్ధతిని ఒకసారి చూపించి పంపేస్తారు. చూపించింది ఎవరికి? పొద్దున ఏం తిన్నారో మధ్యాహ్నానికి గుర్తుండని మనిషికి, ఆ పక్కన కంగారుగా బిల్లు కాగితాలు పట్టుకుని నిలబడ్డ కొడుక్కి. సంచి మార్చబోయే కోడలో, ఆయానో ఆ సమయంలో ఆసుపత్రిలో ఉండరు.

స్టోమా అంటే పేగు చివరను పొట్టమీదికి తెచ్చి కుట్టిన ద్వారం. ఎర్రగా, తడిగా ఉంటుంది. నొప్పి తెలిపే నరాలు దానికి లేవు, బిగబట్టే కండరమూ లేదు. పెద్దపేగుతో చేస్తే కొలోస్టమీ: కాస్త గట్టిపడిన మలం, సాధారణంగా రోజుకు ఒకటి రెండు సార్లు. చిన్నపేగుతో చేస్తే ఇలియోస్టమీ: పల్చటి ద్రవం రోజుకు 500 నుంచి 800 మిల్లీలీటర్ల దాకా, రాత్రీ పగలూ వస్తూనే ఉంటుంది, అందులోని జీర్ణరసాలు తగిలితే చర్మం గంటల్లో ఒరిసిపోతుంది. మూత్రానికి పెట్టేది యూరోస్టమీ. దానికి విరామమే లేదు. ఈ తేడాను కుటుంబాలు చాలా తక్కువగా పట్టించుకుంటాయి. అటెండెంట్లను పంపే ఏజెన్సీకి ఫోన్ చేసి ‘బ్యాగ్ పేషెంటు’ అని చెబితే అవతలివాళ్లకు ఏమీ తెలియదు. కొలోస్టమీ అయితే పగటిపూట మనిషి ఉంటే దాదాపు గడిచిపోతుంది. ఇలియోస్టమీకి రాత్రి కూడా లేచే మనిషి కావాలి. జీతం, షిఫ్టు, ఆ మనిషి నిద్ర, అన్నీ ఈ ఒక్క మాట మీద ఆధారపడతాయి.

అంతకన్నా ముఖ్యమైన తేడా ఇంకొకటి ఉంది: ముందు వచ్చింది ఏది? ఇరవై ఏళ్లుగా సంచితో బతుకుతూ ఇప్పుడు మరుపు మొదలైనవారి పరిస్థితి వేరు. మరుపు వచ్చాక ఆపరేషన్ అయినవారి పరిస్థితి వేరు. అల్జీమర్స్ జబ్బులో నిన్నటి సంగతులు ముందు పోతాయి, చేతులకు పట్టుబడిన అలవాట్లు చాలాకాలం నిలుస్తాయి. పూజ గదిలో దీపం వత్తి చేయడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం ఎలా మిగులుతాయో, పాత స్టోమా రోగికి సంచి ఖాళీ చేసే అలవాటూ అలాగే మిగులుతుంది. అలాంటివారి చేతిలోంచి పని పూర్తిగా లాగేసుకోకూడదు. అదే కంపెనీ సంచి, అదే బాత్‌రూమ్, అదే చెంబు ఉంచి, పక్కన నిలబడి చూస్తే చాలు. తేలిగ్గా ఉంటుందని కొత్త రకం సంచి తెచ్చి పెడితే ఆ అలవాటు ఒక్కరోజులో తెగిపోతుంది. మరుపు వచ్చాక స్టోమా పడినవారికి మాత్రం నేర్పడం మీద ఆశ పెట్టుకోవడం వృథా. తన ఒంటిమీద ఆ వస్తువు ఎందుకుందో వారికి ప్రతి పూటా కొత్తగానే ఉంటుంది. అలాంటివారికి ఏర్పాటంతా ఇంకొకరి చేతుల మీదే నడవాలి, మొదటి రోజునుంచీ.

అందుకే అసలు సంభాషణ ఆపరేషన్‌కు ముందే జరగాలి. అత్యవసరంగా పేగు చిల్లుపడినప్పుడు ఆ తీరిక ఉండదు, నిజమే. తీరిక ఉన్న సందర్భాల్లో సర్జన్‌ను మూడు సంగతులు అడగడం కుటుంబానికి హక్కు. అడ్డుపడిన పేగుకు స్టెంట్ వేసి గడిపే వీలుందా? స్టోమా తప్పనిసరైతే కొలోస్టమీతో సరిపోతుందా, ఇలియోస్టమీయే కావాలా? ‘కొన్నాళ్లకు మళ్లీ కలిపేస్తాం’ అంటున్నారు, ఈ వయసులో, ఈ మెదడు స్థితిలో రెండో మత్తుమందు, రెండో ఆపరేషన్ నిజంగా జరుగుతాయా? జబ్బుపడిన పేగు ముక్క తీసేసి పై చివరను బయటికి తెచ్చే హార్ట్‌మన్ పద్ధతిలో పెట్టిన తాత్కాలిక స్టోమాలు వృద్ధుల్లో చాలాసార్లు శాశ్వతంగానే మిగిలిపోతాయన్నది సర్జన్లకు తెలిసిన విషయం, కుటుంబానికీ తెలియాలి. ఇక స్టోమా పెట్టే చోటు. పంచె ముడి, చీర కుచ్చెళ్లు, లంగా బొందు పడే గీత మీద స్టోమా పడితే సంచి అంచు రోజూ లేచిపోతుంది. రోగిని నిలబెట్టి, కూర్చోబెట్టి, వంగమని చూసి ముందే పెన్నుతో గుర్తు పెట్టాలని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. ఆ ఐదు నిమిషాల పని తర్వాతి ఐదేళ్ల పనిని నిర్ణయిస్తుంది.

సంచికి తన గడియారం తనకుంది. మూడోవంతు నిండగానే ఖాళీ చేయాలి. సగం దాటితే బరువుకు అంచు ఊడుతుంది. చర్మానికి అతికే బిళ్ల (ఫ్లాంజ్) రంధ్రాన్ని స్టోమా కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా కత్తిరించాలి. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో స్టోమా చిక్కుతుంది కాబట్టి ఆసుపత్రిలో ఇచ్చిన కొలతనే ఏడాదంతా వాడితే చుట్టూ చర్మం పుండు పడుతుంది. మార్చడానికి అనువైన వేళ తెల్లవారుజాము, టిఫిన్‌కు ముందు. అప్పుడు పేగు కాస్త నిమ్మళంగా ఉంటుంది. మామూలు నీళ్లతో కడిగి, పొడిగా తుడిచి అతికించాలి. మన ఇళ్లలో మంచి జరుగుతుందనుకుని చేసే పనులే ఇక్కడ చెరుపు చేస్తాయి: కొబ్బరినూనె రాయడం, పౌడరు చల్లడం, డెటాల్ నీళ్లతో కడగడం. నూనె ఉన్న చర్మానికి ఏ జిగురూ పట్టదు. జిగురు మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట: 1950ల్లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ సర్జన్ రూపర్ట్ టర్న్‌బుల్ స్టోమా చుట్టూ చర్మాన్ని కాపాడటానికి మొదట వాడిన కరాయా పొడి మన తపసి చెట్టు బంకే. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులు కొండల్లో సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్మే సరుకు అది. ఇప్పటి ఫ్లాంజ్‌లలో వేరే పదార్థాలు వచ్చాయి కానీ, ఈ వైద్యం పుట్టుకలో మన అడవి భాగం ఉంది.

ఈ పనులేవీ కష్టమైనవి కావు. శ్రద్ధగల మనిషి నాలుగైదుసార్లు చూసి నేర్చుకోగలడు. కష్టమంతా డిమెన్షియా తెస్తుంది, అదీ ముఖ్యంగా పీకడం రూపంలో. సంచి పీకేయడం, లోపల చెయ్యి పెట్టడం, గోడకు పూయడం, మంచం కింద దాచడం. ఇవి జరిగినప్పుడు ఇంట్లోవాళ్లకు ముందు వచ్చేది కోపం, తర్వాత ‘నిద్రమాత్ర రాయండి డాక్టరుగారూ’ అన్న అభ్యర్థన. ఇక్కడే వరస తప్పుతోంది. మాట పోయిన మనిషికి దురద, మంట, బరువు, గాలి ఉబ్బు తెలియజేసే దారి చెయ్యి ఒక్కటే. పీకినప్పుడల్లా మొదట చర్మం చూడాలి, తర్వాత సంచి ఎంత నిండిందో, ఎక్కడైనా కారుతోందేమో చూడాలి. ఇవన్నీ సవ్యంగా ఉన్నాయని తేలాకే ప్రవర్తన గురించి ఆలోచించాలి. మత్తు కలిగించే యాంటీసైకోటిక్ మందులు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాల ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే గట్టి హెచ్చరిక జారీ చేసింది. కారుతున్న ఫ్లాంజ్‌కు ఆ మందు వేయడం ఏ రకంగానూ వైద్యం కాదు.

పీకడం అలవాటుగా మారినవారికి కొన్ని ఉపాయాలు పనిచేస్తాయి. లోపలిది కనిపించని మందపాటి సంచి వాడటం, దానిమీద మెత్తటి పొట్టపట్టీ కట్టడం, వెనక నుంచి గుండీలు పెట్టే జుబ్బా తొడగడం. మార్చే వేళ ఇద్దరుంటే ఒకరు పొట్ట దగ్గర పని చేస్తుంటే ఇంకొకరు ఆ చేతులకు పని కల్పించాలి: చిక్కుడుకాయలు గిల్లడం, పూలు మాల కట్టడం, తువ్వాలు మడతపెట్టడం. వెనక గుండీల జుబ్బా ఒకరకంగా కట్టేయడమే కదా, మనిషి గౌరవం ఏమైంది అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నకు నేను విలువ ఇస్తాను. చేతులకు తొడుగులు వేసి మంచానికి కట్టేయడానికీ, ఈ జుబ్బాకూ మధ్య గీత ఉందని, అది పలచటి గీత అని ఒప్పుకోవాలి. నా కొలమానం ఒకటే: ఆ బట్ట వేసుకున్నాక మనిషి లేచి తిరగగలుగుతున్నాడా, నలుగురిలో కూర్చోగలుగుతున్నాడా? అయితే అది బట్ట. అలా కాక, చూసే మనిషి లేనందుకు మాత్రమే వేస్తున్నామంటే అది కట్టేయడమే.

రెండు గదుల వైద్యం వల్ల మందుల్లో వచ్చే చిక్కు వేరే. జ్ఞాపకశక్తికి రాసే డోనెపెజిల్, రివాస్టిగ్మిన్ వంటి మందులతో విరేచనాలు తరచుగా అవుతాయి. ఇలియోస్టమీ ఉన్న మనిషికి అది నీళ్లూ ఉప్పూ కోల్పోయే ప్రమాదం. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రలు చిన్నపేగు చివరే బయటికి వచ్చేస్తే సంచిలో మాత్రల్లాగే తేలతాయి. మూత్రం ఆపడానికి ఇచ్చే కొన్ని మందులు మరుపును పెంచుతాయి. యూరోస్టమీ ఉన్నవారిలో ఉన్నట్టుండి అయోమయం పెరిగితే అది జబ్బు ముదరడం కాకపోవచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు. మన ఎండాకాలం సంగతి చెప్పనక్కర్లేదు. దాహం వేస్తోందని చెప్పలేని మనిషికి, సంచిలోకి లీటరుకు పైగా పోతున్నప్పుడు, ఉత్త మంచినీళ్లు పట్టించడం వల్ల పోయేది ఇంకా పెరుగుతుంది; ఓఆర్ఎస్ కావాలి. సంచి మార్చే మనిషే ఇవన్నీ మొదట చూస్తుంది. ఎంత వచ్చింది, ఏ రంగులో వచ్చింది, స్టోమా ఎర్రగా ఉందా నల్లబడిందా అన్నవి ఒక నోటుపుస్తకంలో రాయించి రెండు గదుల డాక్టర్లకూ చూపించడం నాకు తెలిసినంతలో అతి చవకైన వైద్య పరికరం.

ఇంతకీ ఆ మనిషి ఎవరు? మన ఇళ్లలో ఈ పని చర్చ లేకుండానే కోడలి మీదో, పెళ్లికాని కూతురి మీదో, డెబ్బై దాటిన భార్య మీదో పడుతుంది. మామగారి ఎదుట కుర్చీలో కూర్చోవడానికే మొహమాటపడే కోడలు ఆయన పొట్టమీద చెయ్యి వేయాలి. ఆయనకు ఆమె ఎవరో గుర్తుండదు కాబట్టి పరాయి ఆడమనిషి బట్టలు తీస్తోందని కొడతాడు. ఇద్దరి మర్యాదా పోతుంది. జీతానికి పెట్టుకున్నప్పుడు కులం వచ్చి కూర్చుంటుంది. మలం ముట్టే పని ఎవరిదన్నది మన సమాజం ఎప్పుడో తీర్మానించి పెట్టింది. వంటింట్లోకి రానివ్వని మనిషి చేతనే ఆ పని చేయించుకుని, ఆ చేత్తోనే ఆయనకు అన్నం తినిపించాల్సి వచ్చేసరికి ఇల్లు రెండు నాల్కలతో మాట్లాడుతుంది. ఏజెన్సీలు ఈ సంగతి ఎరిగి ‘పేషెంటు కేర్’కు ఒక మనిషిని, ‘బాత్‌రూమ్ పని’కి ఒక మనిషిని పంపుతామంటాయి. డిమెన్షియా ఉన్న మనిషికి ఇది రెట్టింపు హాని: తెలిసిన మొహాలు తక్కువ ఉండాల్సిన చోట కొత్త మొహాలు పెరుగుతాయి.

పిల్లల ధర్మాన్ని జీతగాళ్లకు అప్పగించడమేమిటన్నది మొదటి అభ్యంతరం. సేవ చేయాలన్న ఆ కోరికను నేను తక్కువ చేయను. ధర్మం పేరు చెప్పి పనిని ఒక్కరి నెత్తిన పెట్టడాన్నే కాదంటాను. గోవాలో 81 కుటుంబాలతో జరిపి 2008లో ప్రచురించిన ప్రయోగంలో, కొద్దిపాటి శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి డిమెన్షియా గురించి వివరించి, పని పంచుకునే దారి చెప్పి, మాట సాయం చేశారు. ఫలితంగా సంరక్షకుల మానసిక స్థితి మెరుగైంది. రోగి జబ్బు మారలేదు, చూసుకునేవాళ్లు మాత్రం కుదుటపడ్డారు. కుటుంబం తప్పుకోవడం వల్ల వచ్చిన ఫలితం కాదిది, కుటుంబానికి తోడు దొరకడం వల్ల వచ్చింది. కొడుకు సంచి మార్చడం నేర్చుకుంటే, అటెండెంట్ పగలు చూసుకుంటే, కోడలు నోటుపుస్తకం చూసుకుంటే ధర్మానికి లోటేమీ రాదు. అమెరికా నుంచి వచ్చి నెల రోజులుండే కొడుకు ఆ నెలలో బంధువుల ఇళ్లు తిరగడం కన్నా ఈ పని నేర్చుకోవడం ఎక్కువ ఉపయోగం. మిగతా ఏడాదంతా వీడియో కాల్‌లో ఆయన చెప్పే సలహాలకు అప్పుడు కాస్త విలువ వస్తుంది.

రెండో అభ్యంతరం బరువైనది: ఇది వైద్యానికి సంబంధించిన పని, చదువులేని ఆయా చేత చేయించడం ప్రమాదం, నర్సే చేయాలి. చరిత్ర మాత్రం వేరేలా ఉంది. 1958లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో ప్రపంచంలోనే మొదటి స్టోమా చికిత్సకురాలిగా చేరిన నార్మా గిల్ నర్సు కాదు. తనకే ఇలియోస్టమీ ఉన్న రోగి, టర్న్‌బుల్ దగ్గరే ఆపరేషన్ చేయించుకున్నావిడ. ఈ వృత్తి రోగి అనుభవం నుంచి పుట్టింది. జపాన్ ఈ ప్రశ్నను అధికారికంగానే తేల్చుకుంది. సంచిలో చేరినదాన్ని పారబోయడం వైద్య చర్య కాదని 2005లో ప్రభుత్వం ప్రకటించింది. స్టోమా, చుట్టూ చర్మం బాగున్నంతవరకు సంచి మార్చడం కూడా అలాంటిదేనని 2011లో స్పష్టం చేసింది. దాంతో అక్కడ వృద్ధుల ఇళ్లకు వెళ్లే సంరక్షణ కార్మికులు నర్సు కోసం ఎదురుచూడకుండా ఆ పని చేయగలిగే వీలు వచ్చింది. గీత ఎక్కడుందో ఆ నియమమే చెబుతోంది. చర్మం పుండు పడితే, స్టోమా నల్లబడితే, లోపలికి పోతే, పక్కన హెర్నియా ఉబ్బితే, గంటల తరబడి ఏమీ రాకుండా పొట్ట నొప్పెడితే ఆయా ఆగి ఫోన్ చేయాలి. మన దగ్గర ఆ గీత ఎవరూ గీయలేదు. ఫలితం: నర్సును పెట్టే స్థోమత కొందరికే ఉంటుంది, మిగతా ఇళ్లలో ఎవరూ నేర్పకుండానే ఆయాలు చేస్తున్నారు. ప్రమాదం గురించి మాట్లాడేవారు ముందు ఈ నేర్పకపోవడాన్ని చూడాలి. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి స్టోమా నర్సులకు శిక్షణ ఇస్తోంది, ఆస్టోమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 1970ల నుంచీ పనిచేస్తోంది. ఆ నర్సులు అటెండెంట్లకు నేర్పే ఏర్పాటు ప్రతి జిల్లా కేంద్రంలో ఉంటే చాలు, నాలుగైదు రోజుల పని అది.

మన జనానికి ఈ పని చేతకాదనడానికి వీల్లేదు. నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లు ఇజ్రాయెల్‌లో ముసలివాళ్లను చూసుకుంటూ జీవిస్తున్నారు. 1988 నుంచి అమల్లో ఉన్న సంరక్షణ బీమా వల్ల అక్కడ ఆ పనికి ఓ గుర్తింపు, గంటల లెక్క, ఎంతోకొంత రక్షణ ఉన్నాయి. ఇక్కడ అదే పనికి గుర్తింపు లేదు కాబట్టే నేర్చినవాళ్లు విమానం ఎక్కుతున్నారు.

ఇక వృద్ధాశ్రమాలు, డిమెన్షియా కేంద్రాల సంగతి. చాలాచోట్ల మొదటి ప్రశ్న ‘తన పనులు తాను చేసుకోగలరా’ అన్నది. డిమెన్షియా తీసుకునే కొద్దిచోట్లా ‘బ్యాగ్’ అనగానే వెనకాడతారు. ఇందులో ఒక వైరుధ్యం ఉంది. డైపర్లు వాడే రోగిని తీసుకుంటారు, కొలోస్టమీ ఉన్న రోగిని వద్దంటారు. నిజానికి అతుకు సరిగ్గా ఉన్న కొలోస్టమీ డైపర్ కన్నా శుభ్రం. తొడలు ఒరవవు, నడుముకింద పుండ్లలోకి మలం చేరదు. భయం సంచిది కాదు, నేర్చిన మనిషి లేకపోవడానిది. కాబట్టి చేర్చేముందు అడగాల్సింది గదులు ఎలా ఉన్నాయని, గుడి ఉందా అని కాదు: సంచి మార్చడం వచ్చినవాళ్లు ఎందరు, వాళ్లు ఏ షిఫ్టుల్లో ఉంటారు, మా ముందు ఒకసారి మార్చి చూపిస్తారా? మూడో ప్రశ్నకు వచ్చే జవాబుతో ఆ సంస్థ ఏమిటో తెలిసిపోతుంది. ఇల్లు మాత్రమే సరైన చోటన్న వాదన నాది కాదు. రాత్రి మేలుకునే మనిషి దొరకని ఇల్లు కన్నా, ఇద్దరు నేర్చినవాళ్లున్న కేంద్రం మేలు.

ఇదంతా డబ్బున్నవారి కబురన్న అభ్యంతరంలో చాలా నిజం ఉంది. ఒక్కసారి మార్చడానికి సంచి, ఫ్లాంజ్ కలిపి కొన్ని వందల రూపాయలవుతుంది, అది జీవితాంతం నడిచే ఖర్చు. 2022 జూలైలో ఆస్టోమీ పరికరాలపై జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు, మంచిదే. 2024 అక్టోబరు చివర్నుంచి 70 ఏళ్లు దాటిన అందరికీ ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల దాకా వైద్యం వచ్చింది. అయితే ఆ పథకాల చూపు మంచం మీద పడుకోబెట్టి చేసే వైద్యం మీదే ఉంది. డిశ్చార్జి తర్వాత మందులకు పక్షం రోజులు దాటి లెక్క ఉండదు. ఆపరేషన్‌కు లక్షలిచ్చి, ఆ ఆపరేషన్ వల్ల అవసరమైన సంచికి చిల్లిగవ్వ ఇవ్వని పథకం తన పని సగంలోనే వదిలేసినట్టు. జపాన్‌లో శాశ్వత స్టోమా ఉన్నవారికి వైకల్య ధ్రువపత్రం, సంచులకు సబ్సిడీ ఉన్నాయి. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో స్టోమా లేదు, డిమెన్షియా పేరూ లేదు. సంచి కొనలేనివారు పాలిథిన్ కవరు కట్టుకుంటారు, గుడ్డలు చుట్టుకుంటారు. చర్మం పాడవుతుంది, మంటకు మనిషి పీకుతాడు, పీకితే కట్టేస్తారు. పేదింట్లో డిమెన్షియా రోగి ‘పిచ్చి’గా కనిపించడంలో కొంత భాగం ఇలా తయారైందే. నెలకు పది సంచులు ప్రభుత్వాసుపత్రి నుంచి ఇవ్వగలిగితే తగ్గే బాధ ఏ నిద్రమాత్రతోనూ తగ్గదు.

ఇక సంతకాల విషయం. ఈ ఏర్పాట్లన్నిటికీ డబ్బు ఎక్కువసార్లు ఆ పెద్దమనిషి ఖాతాలోనే, పెన్షన్‌లోనే ఉంటుంది. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకున్నాం కదా అని ధీమాగా ఉండేవారు తెలుసుకోవాల్సింది: కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం రద్దవుతుంది. సరిగ్గా అవసరమైన రోజునే అది చెల్లదు. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో జిల్లా కోర్టు ఆస్తికి సంరక్షకుడిని నియమించే దారి ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టం ఆ దారిని తీసేసింది. ఇప్పుడు చాలామంది రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టు మెట్లు ఎక్కుతున్నారు. 2017 చట్టం ఒక మేలు చేసింది: తన వైద్యం గురించి ముందస్తు ఆదేశం రాసిపెట్టుకోవచ్చు, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని పేర్కొనవచ్చు. జబ్బు నిర్ధారణ అయిన తొలినాళ్లలోనే ఈ కాగితాలు, ఇద్దరిలో ఎవరైనా నడిపే జాయింటు ఖాతా పూర్తి చేసుకుంటే తర్వాత అటెండెంట్ జీతానికి తడుముకోనక్కర్లేదు. పిల్లలు చూడకపోతే 2007 తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది. దాని కింద ఇప్పించగల భృతి నెలకు 10,000 రూపాయలు మించదు. హైదరాబాద్‌లో రాత్రింబవళ్లు ఉండే అటెండెంట్ జీతం ఆ మొత్తంతో రాదు. చూసుకుంటామన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, ఆ మాట తప్పితే వెనక్కు తీసుకునే 23వ సెక్షన్‌కే ఎక్కువ బలం ఉంది. ఆ షరతు దస్తావేజులో స్పష్టంగా రాయించుకోవాలి.

జబ్బు చివరి దశకు వచ్చి మనిషి మంచం పట్టాక పీకడం దానంతట అదే ఆగిపోతుంది. సంచిని కాళ్లవైపు కాక పక్కకు తిప్పి అతికిస్తే పడుకున్న మనిషికి సరిపోతుంది. అప్పటి కష్టాలు వేరు: మింగలేకపోవడం, నడుము పుండ్లు, ఊపిరితిత్తుల్లోకి అన్నం పోవడం. క్యాన్సర్ రోగుల కోసం పెరిగిన పాలియేటివ్ (ఉపశమన) సేవలను, తెలంగాణలో ‘ఆలన’ పేరిట ఇళ్లకు వెళ్లే బృందాలను డిమెన్షియా ఇళ్లకూ రప్పించుకోవడానికి పీహెచ్‌సీ డాక్టరునో, ఏఎన్ఎమ్‌నో గట్టిగా అడగాలి. సంచి పని తేలికైంది కదా అని, నేర్చిన మనిషిని మాన్పించి తక్కువ జీతానికి కొత్త మనిషిని పెట్టుకుందామన్న ఆలోచన సరిగ్గా ఈ దశలోనే వస్తుంది. కొడుకుల పేర్లు పోయినా రోజూ ఒళ్లు తుడిచే గొంతుకు ఆ మనిషి ఇంకా తల తిప్పుతుంటే, ఆ కొన్ని వేలు మిగుల్చుకోకపోవడమే మంచిది.